మయోసిన్ మెడ పొడవును బట్టే కండరం వేగం ఉంటుందా?

"మయోసిన్ మెడ పొడవు పెరిగితే కండరం వేగం పెరుగుతుందని చదివాను. మరి పరుగెత్తడానికి వాడే కండరంలోనూ, గంటలకొద్దీ నిలబెట్టే కండరంలోనూ మెడ పొడవు ఒకటే అంటున్నారు. అలాంటప్పుడు వేగంలో తేడా ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని కదా మీ ప్రశ్న.

మయోసిన్ కండరాన్ని కుదించే ప్రోటీన్. దాని తల ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువును పట్టుకుని లాగుతుంది, తలను తోకకు కలిపే మీటలాంటి భాగమే మెడ. మీరు చదివింది తప్పు కాదు, సగం మాత్రమే. ఒక్కసారి లాగితే ఎంత దూరం జరగాలన్నది మెడ నిర్ణయిస్తుంది. లాగాక ఎంతసేపు పట్టుకుని ఉండాలన్నది తలలో ఏటీపీ (కణానికి ఇంధనం లాంటి అణువు) కూర్చునే జేబు నిర్ణయిస్తుంది. మన ఒంట్లో కండరానికీ కండరానికీ వేగంలో ఉన్న తేడా దాదాపు అంతా ఈ రెండోదాని వల్లే.

లెక్క వేసుకోండి. కుందేలు వీపు కండరంలోని మయోసిన్ ఒక్కసారి లాగితే ఆక్టిన్ తంతువు సుమారు 5 నానోమీటర్లు జరుగుతుంది. బరువేమీ లేనప్పుడు, లాగాక ఇంచుమించు ఒక మిల్లీసెకను పట్టుకుని ఉండి వదిలేస్తుంది. మిల్లీసెకనుకు 5 నానోమీటర్లంటే సెకనుకు 5 మైక్రోమీటర్లు. గాజు పలక మీద మయోసిన్ పరిచి కొలిచినా (ఆ ప్రయోగం కింద చెప్తాను) వేగం ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఇప్పుడు మెడ జోలికి పోకుండా ఆ ఒక మిల్లీసెకనును పది చేయండి, వేగం పదో వంతుకు పడిపోతుంది. పుస్తకాల్లో మయోసిన్‌ను తెడ్డుతో పోలుస్తారు. ఆ పోలికనే ఇంకాస్త ముందుకు తీసుకెళ్తే సంగతి తెలిసిపోతుంది: తెడ్డు వేసి మళ్లీ నీళ్లలోంచి పైకి తీయనివాడు పడవకి బ్రేకు. ఒక్కో మయోసిన్ తంతువులో 300 దాకా అణువులు, అణువుకు రెండేసి తలలు. ఒకటి ఆలస్యంగా వదిలితే మిగతావన్నీ దాన్ని కూడా ఈడ్చుకుపోవాలి.

మెడ సంగతి పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. 1993లో రేమెంట్ బృందం కోడి రొమ్ము కండరం నుంచి తీసిన మయోసిన్ తల నిర్మాణాన్ని స్ఫటికంలో చూపించింది. అందులో మెడ అంటే సుమారు 8.5 నానోమీటర్ల ఒకే ఒక్క ఆల్ఫా హెలిక్స్, అంటే స్ప్రింగులా మెలి తిరిగిన ప్రోటీన్ గొలుసు. అంత పొడుగు హెలిక్స్ ఒంటరిగా నిలబడలేదు, వంగిపోతుంది. అందుకే దాని చుట్టూ లైట్ చైన్లు అనే రెండు చిన్న ప్రోటీన్లు చేతికి కట్టిన బద్దల్లా బిగుసుకుని ఉంటాయి. ఆ రెండిటినీ ఊడదీసి కొలిస్తే ఆక్టిన్ జారే వేగం దాదాపు పదో వంతుకు పడిపోయింది, ఏటీపీ ఖర్చు మాత్రం పెద్దగా మారలేదు. అంటే ఇంజను తిరుగుతూనే ఉంది, మీటే మెత్తబడింది. 1996లో స్టాన్‌ఫర్డ్‌లో స్పూడిచ్ బృందం డిక్టియోస్టీలియం అనే బంకబూజు మయోసిన్‌లో లైట్ చైన్ కూర్చునే చోట్లు తీసేసి కొన్ని, ఒకటి అదనంగా చేర్చి ఒకటి తయారుచేసింది. మెడ పొడవుకు తగ్గట్టే వేగం తగ్గింది, పెరిగింది. కణంలో సరుకులు మోసే మయోసిన్ 5 మెడలో అలాంటి చోట్లు ఆరు, అది 36 నానోమీటర్ల అంగలు వేస్తుంది. మీరు చదివిన వాక్యం ఈ ప్రయోగాల నుంచి వచ్చిందే. కానీ అవన్నీ తల మార్చకుండా మెడ మార్చినవి. మన కండరాల్లో జరిగింది అందుకు తలకిందులు: మెడ అలాగే ఉంచి తల మార్చడం.

తల లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. జేబు చుట్టూ మూడు ముక్కలున్నాయి: పీ లూప్, స్విచ్ 1, స్విచ్ 2. ఏటీపీ తెగి ఏడీపీ, ఫాస్ఫేటు అనే రెండు ముక్కలై, ఫాస్ఫేటు ఇంకా జేబులోనే ఉన్నప్పుడు స్విచ్ 2 దాని వైపు ముడుచుకుంటుంది. ఆ కదలిక అర నానోమీటరు దరిదాపు, అంతే. దానికి ఆనుకుని రిలే హెలిక్స్ అనే పొడుగు కడ్డీ ఉంది, అది మధ్యలో మెలిక పడుతుంది. కడ్డీ అవతలి కొస కన్వర్టర్ అనే చిన్న ముద్దకు తగిలి ఉంటుంది, అది సుమారు 70 డిగ్రీలు తిరుగుతుంది. మెడ కన్వర్టర్‌కే బిగించి ఉంది కాబట్టి మెడ చివర 10 నానోమీటర్ల దాకా ఊగుతుంది. ఇది విల్లు ఎక్కుపెట్టడం. తల ఆక్టిన్‌కు గట్టిగా అతుక్కుని ఫాస్ఫేటు బయటికి పోయినప్పుడు మెడ వెనక్కి తిరిగి లాగుతుంది. ఆ తర్వాత ఏడీపీ వెళ్లిపోవాలి, కొత్త ఏటీపీ రావాలి. అప్పుడే పట్టు వదులుతుంది.

ఇక్కడ ఒక ఫిర్యాదు చెప్పకుండా ఉండలేను. "ఏటీపీ శక్తినిస్తుంది, అప్పుడు మయోసిన్ లాగుతుంది" అని ఒక్క ముక్కలో రాసేసి పిల్లలకు నేర్పుతున్నారు. ఏటీపీ వచ్చి కూర్చోగానే మొదట జరిగేది వదలడం. ఇది తెలియకపోతే చచ్చాక శరీరం ఎందుకు బిగుసుకుపోతుందో ఎన్నటికీ అర్థం కాదు. శక్తి అయిపోతే కండరం వదులైపోవాలి కదా అనుకుంటారు. ఏటీపీ లేకపోతే తలలన్నీ ఆక్టిన్ మీద అతుక్కుపోయి ఉంటాయి, అదే ఆ బిగుసు. కోసిన మాంసాన్ని అది బిగుసుకోకముందే బాగా చల్లబరిస్తే ముక్క గట్టిపడి నమలలేకుండా అవడం కూడా ఇందుకే: చలికి, కండరాన్ని కుదించమని చెప్పే కాల్షియం బయటికి పొర్లుతుంది, ఇంకా మిగిలిన ఏటీపీతో కండరం కుదించుకుంటుంది, ఏటీపీ అయిపోయాక అదే కురచ స్థితిలో బిగిసిపోతుంది.

పట్టుకునే సమయమే వేగాన్ని శాసిస్తుందని కళ్లారా చూడాలంటే 1986లో క్రోన్, స్పూడిచ్ మొదలుపెట్టిన గాజు పలక ప్రయోగాన్ని మించింది లేదు. కవర్‌స్లిప్‌కు నైట్రోసెల్యులోజ్ పూత పూసి, రెండు వైపులా అంటుకునే టేపుతో స్లైడుకు అతికిస్తే 20 మైక్రోలీటర్ల సందు ఏర్పడుతుంది. మయోసిన్ తోకను కైమోట్రిప్సిన్ అనే ఎంజైముతో కత్తిరించి, రెండు తలలు, కాస్త తోక మిగిలే ముక్కను మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల చొప్పున లోపలికి వదిలి నిమిషం ఆగాలి. తర్వాత మిల్లీలీటరుకు 0.5 మిల్లీగ్రాముల ఆల్బుమిన్‌తో ఖాళీ గాజును కప్పేయాలి. ఆపైన రోడమీన్ ఫాలోయిడిన్ అనే మెరిసే పదార్థంతో రంగు వేసిన ఆక్టిన్, ఆపైన ఏటీపీ కలిపిన బఫర్: 25 మిల్లీమోలార్ ఇమిడజోల్, పీహెచ్ 7.4, పొటాషియం క్లోరైడ్ 25, మెగ్నీషియం క్లోరైడ్ 4, ఏటీపీ 2, ప్రోటీన్లు ఆక్సిజన్‌కు చెడకుండా కాస్త డీటీటీ. ఆక్సిజన్‌ను తినేయడానికి గ్లూకోజ్ ఆక్సిడేజ్, కెటలేజ్, గ్లూకోజ్ కలపకపోతే నిమిషంలోపే రంగు వెలిసిపోయి తంతువులు ముక్కలవుతాయి. 30 డిగ్రీల దగ్గర చూస్తే నల్లటి చీకట్లో నారింజ రంగు పోగులు పాముపిల్లల్లా పాకుతూ ఉంటాయి. ముందు కొస ఎటు తిరిగితే ఒళ్లంతా అదే దారిన వస్తుంది.

ఎక్కువమంది దెబ్బతినేది చచ్చిన తలల దగ్గర. పాతబడిన మయోసిన్‌లో ఏటీపీ వచ్చినా వదలని తలలు కొన్ని ఉంటాయి. అవి ఉన్నచోట తంతువు ఒక చుక్క దగ్గర ఇరుక్కుంటుంది. వెనక భాగం దాన్ని నెట్టుకుంటూ వంకర తిరిగి, చివరికి పుటుక్కున తెగుతుంది. నూటికి రెండు మూడు తలలు చెడినా తంతువులన్నీ తడబడతాయి. మందు తేలికే: మయోసిన్ ముక్కల్లో ఆక్టిన్, 2 మిల్లీమోలార్ ఏటీపీ కలిపి 4 డిగ్రీల్లో లక్ష జీ పైన (గురుత్వానికి లక్ష రెట్ల బలంతో) సెంట్రిఫ్యూజ్‌లో అరగంట తిప్పితే, వదలని తలలు ఆక్టిన్‌తో పాటు అడుగున కూరుకుపోతాయి, పై తేట వాడుకోవాలి. అప్పటికీ పోకపోతే, ఆల్బుమిన్ తర్వాత రంగు వేయని ఆక్టిన్ ముక్కలు పంపి ఆ తలల నోరు కట్టేయాలి. కైమోట్రిప్సిన్‌ను 10 నిమిషాలకు మించి ఉంచినా ఇబ్బందే, లైట్ చైన్ తెగడం మొదలవుతుంది. ఉప్పు 100 మిల్లీమోలార్ దాటిస్తే పట్టు సడలి తంతువులు తేలిపోతాయి. అప్పుడు 0.5 శాతం మిథైల్ సెల్యులోజ్ కలిపి చిక్కబరచాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. అదే స్లైడులో ఏటీపీని 2 మిల్లీమోలార్ నుంచి 20 మైక్రోమోలార్‌కు తగ్గించండి. మెడ అదే, తల అదే, పాములు మాత్రం నత్తలైపోతాయి. ఏడీపీ పోయి ఖాళీ అయిన జేబులోకి కొత్త ఏటీపీ రావడానికి ఇప్పుడు పది ఇరవై మిల్లీసెకన్లు పడుతోంది, అంతసేపూ పట్టు అలాగే ఉంటోంది. నిలబెట్టే కండరంలోని మయోసిన్ ఇదే పనిని ఏటీపీ పుష్కలంగా ఉన్నా చేస్తుంది, ఎందుకంటే దాని జేబు ఏడీపీని త్వరగా వదలదు. జేబు నోటి దగ్గరుండే లూప్ 1 పొడవు, మెతకదనం ఇందులో ఒక కారణం. ఆక్టిన్‌ను తాకే లూప్ 2 వేరే పని చూస్తుంది, పట్టు ఎంత తొందరగా కుదరాలన్నది దానిది. ఆలస్యంగా వదలడం లోపం కాదు. తక్కువ ఏటీపీతో ఎక్కువసేపు బరువు మోయాలంటే అలాగే ఉండాలి. మన పిక్కలోని సోలియస్ కండరంలో, గుండె జఠరికల్లో ఉండేది ఈ నిదానపు మయోసినే.

గుండె మాట వచ్చింది కాబట్టి, మీరు అడగకపోయినా ఇది చెప్పాలి. ఆ మయోసిన్ జన్యువు పేరు ఎంవైహెచ్7. దాని 403వ స్థానంలో ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు గ్లుటమిన్ పడితే గుండె గోడ దళసరెక్కే జబ్బు వస్తుందని 1990లో తేలింది. ఆ స్థానం ఆక్టిన్‌ను తాకే అంచులో ఉంది. 719వ స్థానంలో మార్పు పడితే అది కన్వర్టర్‌లో. అసలు విశ్రాంతిలో చాలా తలలు తమ తోక మీదికే మడుచుకుని, ఏటీపీ ఖర్చు పెట్టకుండా పడుకుని ఉంటాయి. జబ్బు తెచ్చే మార్పుల్లో చాలావాటి వల్ల ఆ మడత విప్పుకుని లేచే తలల సంఖ్య పెరుగుతుందని ఇప్పుడు బలంగా వినిపిస్తున్న వాదన, నా ఓటు కూడా దానికే. 2022లో అమెరికాలో అనుమతి వచ్చిన మావాకామ్టెన్ ఆ తలల్ని మళ్లీ పడుకోబెట్టే మందు.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. మయోసిన్‌ను అంటిపెట్టుకుని ఉండే మయోసిన్ బైండింగ్ ప్రోటీన్ సీ జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఎగిరిపోయిన రూపం దక్షిణాసియాలో నూటికి నలుగురి దాకా ఉందని 2009లో వచ్చిన పరిశోధన చెప్పింది, అందులో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ పాలుపంచుకుంది. ఆ లోపం ప్రోటీన్ చివరి భాగాన్ని మార్చేస్తుంది, మయోసిన్ తంతువుకు అంటుకునేది సరిగ్గా ఆ భాగమే. ఈ రూపం ఉన్న అందరికీ జబ్బు రాదు. కానీ ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో గుండె కండరం దళసరెక్కిందని తేలినా, చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి ఎవరైనా పోయినా, మిగతావాళ్లు ఆయాసం వచ్చేదాకా ఆగకుండా ఈసీజీ, ఎకో రెండూ తీయించుకోవాలి.