ముప్పై రెండు మంది పిల్లలు, ఒక్క శ్రుతిపెట్టె
(సంగీతం మాస్టారికి పాఠకుల ప్రశ్నలు)

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర ఆశ్రమ పాఠశాల. నేను లెక్కల మాస్టారిని, కొంచెం హార్మోనియం వచ్చు. సాయంత్రాలు పిల్లలకి సంగీతం నేర్పుదామనుకుంటే 32 మంది పేర్లు ఇచ్చారు. ఉన్నది ఒక్క శ్రుతిపెట్టె. "తిండికీ చదువుకీ కష్టపడే పిల్లలకి సంగీతం దేనికి?" అంటున్నారు తోటివాళ్ళు. వాళ్ళకి ఏం చెప్పమంటారు? గొంతు బాగున్న పది మందిని ఏరుకుని మొదలుపెట్టనా?
— ఒక ఉపాధ్యాయుడు, పార్వతీపురం మన్యం జిల్లా

జవాబు: మాస్టారూ, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెబుతాను. ఏరకండి. ముప్పై రెండు మందినీ కూర్చోబెట్టండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ తప్పు నేను చేశాను. 2004లో విజయనగరంలో ఒక హాస్టల్లో ఆదివారాలు పాఠం మొదలుపెట్టాను. మొదటిరోజు ఒక్కొక్కరి చేతా పాడించి తొమ్మిది మందిని ఏరుకున్నాను. మిగిలినవాళ్ళు వరండాలో నిలబడి కిటికీలోంచి చూసేవారు. మూడో వారం అనుకుంటా, ఆరో తరగతి కుర్రాడొకడు కిటికీ చువ్వ మీద వేళ్ళతో ఆదితాళం వేస్తున్నాడు. లోపల నేను ఏరుకున్నవాళ్ళలో నలుగురికి తాళం అంత కచ్చితంగా పడటం లేదు. పాఠం ఆపి తలుపు తెరిచాను. మొదటిరోజు వాడి గొంతు వణికిందని పక్కన పెట్టినవాణ్ణి నేనే. ఆ వణుకు భయం వల్ల వచ్చిందని నాకు తోచలేదు.

ఇంతమందితో ఎలా అంటారేమో. మన సరళీ వరసల్లోనే, అంటే మొట్టమొదట నేర్పే స్వర పాఠాల్లోనే, దారి ఉంది. పిల్లల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టండి. మొదటి వరస ఒకటో కాలంలో, నెమ్మదిగా పాడుతుంది, రెండో వరస అదే పాఠాన్ని రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో, రెండుసార్లు పాడుతుంది. రెండు వరసలూ ఒక్కసారే సమం మీదికి, అంటే తాళం మొదటి దెబ్బ మీదికి, వచ్చి పడాలి. మొదట్లో పది రోజులు గందరగోళంగా ఉంటుంది, కంగారు పడకండి. ఒకరోజు కలుస్తుంది. కలిసిన మరుక్షణం అందరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఆ చూపు కోసమే నేను ఇరవై ఏళ్ళు ఆదివారాలు వెళ్ళాను. జ్వరం వచ్చి ఒక వారం రాని కుర్రాడితో ఇంకొకడు, "నువ్వు లేవని మన వరస తేలిపోయిందిరా" అనడం విన్నాను. అమ్మా నాన్నా వలస వెళితే హాస్టల్లో పెరుగుతున్న కుర్రాడు వాడు. ఆ మాట విని వాడు ఏమీ అనలేదు, ఆ తరవాత ఒక్క ఆదివారం మానలేదు. విడిగా కూర్చోబెట్టి ఎంత బాగా నేర్పినా అది వాడికి నేను ఇవ్వగలిగేవాణ్ణి కాదు.

మీ పిల్లల్లో సవర, జాతాపు పిల్లలు ఉండే ఉంటారు. థింసా నృత్యం వాళ్ళకి పుట్టినప్పటి నుంచీ తెలుసు. చేతులు పట్టుకుని వరసగా అడుగు వేయడం, తుడుము దెబ్బకి అందరూ ఒక్కసారే తిరగడం వాళ్ళకి మనం నేర్పక్కర్లేదు. మొదటి వారం వాళ్ళని మీకు నేర్పమనండి. తప్పులు చేస్తూ వాళ్ళ వెనక అడుగు వేయండి. సరళీ వరసలు రెండో వారం చూసుకోవచ్చు.

ఇక తోటివాళ్ళ ప్రశ్న. 1975లో వెనెజువెలా రాజధాని కరాకస్‌లో హోసే ఆంటోనియో అబ్రెయూ అనే ఆయన పిల్లల ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. ఆయన సంగీతకారుడు, అర్థశాస్త్రం కూడా చదివినవాడు. వంద మంది వస్తారని స్వరపత్రాలు పెట్టుకునే స్టాండ్లు యాభై తెచ్చి ఉంచితే, మొదటిరోజు ఒక గ్యారేజీలోకి వచ్చింది 11 మంది. ఆయన ఆపలేదు. 'ఎల్ సిస్టెమా' పేరుతో అది దేశమంతా పాకింది, లక్షలమంది పిల్లలు నేర్చుకున్నారు. 2009లో లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్‌కి సంగీత దర్శకుడైన గుస్తావో డుడమెల్ అందులోంచి వచ్చినవాడే.

కానీ మాస్టారూ, ఈ కథ ఇంతవరకే చెబితే మోసం చేసినట్టు అవుతుంది. అక్కడ 16 కేంద్రాల్లో 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 2,914 మంది మీద పరిశోధకులు అధ్యయనం చేశారు. పిల్లల్ని లాటరీ పద్ధతిలో విడదీసి, కొందరిని ముందు, కొందరిని ఏడాది తరవాత చేర్చుకుని పోల్చి చూశారు. ఏడాదిలో పిల్లలకి తమని తాము అదుపులో పెట్టుకోవడం కొంత మెరుగుపడింది. హింస మధ్య పెరిగే మగపిల్లల్లో దుడుకుతనం తగ్గింది. తెలివితేటల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. అందుకే సంగీతం నేర్పితే మార్కులు పెరుగుతాయని మీ హెడ్మాస్టర్ గారికి మాట ఇవ్వకండి. రేపు పెరగకపోతే క్లాసు ఆపేస్తారు. నాకు అది జరిగింది. ఒక బడిలో పదో తరగతి పరీక్షల పేరు చెప్పి జనవరిలో ఆపమన్నారు, ఆ పిల్లలు మళ్ళీ నా ముందు కూర్చోనేలేదు.

ఆ అధ్యయనంలోనే ఇంకొక అంకె ఉంది, నన్ను చాలా కాలం కలవరపెట్టింది. చేరిన పిల్లల్లో పేద ఇళ్ళవాళ్ళు 16.7 శాతం. వాళ్ళు ఉండే రాష్ట్రాల్లో పేదరికం 46.5 శాతం. పేదల కోసమని పెట్టినదానికి పేదపిల్లలే తక్కువ వచ్చారు. నేను తరవాత మా ఊరి రైలు గేటు దగ్గర పేటలో పెట్టిన క్లాసులో ఎందుకో తెలిసింది. బాగా పాడే అమ్మాయి ఒకతె రెండు వారాలు రాలేదు. ఇంటికి వెళితే చంకలో తమ్ముడు. మర్నాటి నుంచి చిన్నపిల్లల కోసం పక్కన రెండో చాప వేశాం. నలుగురు ఆడపిల్లలు తిరిగొచ్చారు. మీ పిల్లలు బడిలోనే ఉంటారు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. కానీ పేరే ఇవ్వనివాళ్ళు ఉంటారు. 'నాకు రాదు' అని ముందే అనుకున్నవాళ్ళు. వాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి.

తిండి సంగతి మీవాళ్ళు అన్నది నిజమే, అందుకని తిండితోనే మొదలుపెట్టండి. సాయంత్రం పెట్టే చిరుతిండి తిన్నాకే క్లాసు. ఆకలి మీద శ్రుతి నిలవదు. మా విజయనగరం సంగీత కళాశాలని 1919లో మహారాజావారు స్థాపించారు, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఘంటసాల గారు అక్కడ చదువుకునే రోజుల్లో జోలె పట్టి మధూకరం ఎత్తుకుని తిన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి నేర్పారు. ఊళ్ళో తల్లులు అన్నం పెట్టకపోయినా, ఆ గురువు లేకపోయినా ఆ గొంతు మనదాకా వచ్చేది కాదు. పేదపిల్లలకి సంగీతం దేనికి అన్నవాళ్ళకి నేను చెప్పే జవాబు ఇదొక్కటే.

ప్రశ్న: పలాసలో జీడిపిక్కల పనికి వెళతాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఒక బృందంలో చేరి డప్పు నేర్చుకుంటున్నాడు. "ఆ డప్పు వదిలించుకోవాలనే కదా పిల్లల్ని చదివిస్తున్నాం" అని మా పెద్దవాళ్ళు కోప్పడుతున్నారు. మాన్పించమంటారా?
— ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, మీ పెద్దవాళ్ళని తప్పుపట్టలేను. చావుకీ చాటింపుకీ పిలిస్తే వెళ్ళి తీరాలని, డబ్బు ఇస్తే ఇచ్చారు లేకపోతే లేదని, కులం పేరుతో వాళ్ళ మెడకి తగిలించిన డప్పు అది. వాళ్ళ కోపం ఆ అవమానం మీద. ముందు ఆ మాట మీ అబ్బాయికి వాళ్ళ నోటితోనే చెప్పించండి. వాడు తెలుసుకోవలసిన చరిత్ర అది.

అయితే వాడు ఇప్పుడు చేస్తున్నది వేరు. ఎవరో పిలిస్తే వెళ్ళడం లేదు, తనంతట తాను చేరాడు. కూడా వాయించేవాళ్ళలో అన్ని ఇళ్ళ పిల్లలూ ఉన్నారా, కనుక్కోండి. ఉంటే మంచి బృందం. ఒక చేత లావు కర్ర, ఇంకో చేత సన్న పుల్ల పట్టుకుని ఎనిమిది మంది ఒకే దరువు తప్పకుండా వాయించడం ఎంత కష్టమో వయొలిన్ వాయించే నాకు తెలుసు. చర్మం బిగియడానికి మంట దగ్గర ఎంతసేపు కాచాలో కూడా ఒక విద్యే. ఒకసారి వాళ్ళ సాధన చూడటానికి మీ మామగారిని తీసుకెళ్ళండి. ఆయనకి తెలిసిన దరువులు ఈ పిల్లలకి ఎవరూ నేర్పి ఉండరు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాను, సొంతూరు శ్రీకాకుళం. ఇక్కడి స్నేహితుల పిల్లలు వాడి వదిలేసిన వయొలిన్లు పది ఉన్నాయి. మన దగ్గర పేదపిల్లలకి పంపుదామని ఉంది. ఎలా పంపమంటారు?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: బాబూ, నీ మంచి మనసుకి సంతోషం. ముందు కొలతలు చూడు. తొమ్మిది పదేళ్ళ పిల్లలకి సగం సైజు, ముప్పావు సైజు కావాలి. పదీ ఫుల్‌సైజ్ అయితే పైతరగతుల వాళ్ళకే పనికొస్తాయి. మన తీరంలో వేసవి ఉక్కకి జిగురు విడిపోతుంది. తీగ తెగితే కొత్తది వేసుకోవడానికి ఆ పిల్లల దగ్గర డబ్బుండదు, వయొలిన్ అటక ఎక్కుతుంది. అలా అటకెక్కిన దానపు వయొలిన్లు నేను చాలా దించాను.

పరాగ్వే దేశంలో కతేయూరా అని పెద్ద చెత్తకుప్ప ఉంది. అక్కడి పిల్లలకి ఫావియో చావెస్ అనే ఆయన సంగీతం చెప్పడం మొదలుపెడితే, వాయిద్యాల కన్నా పిల్లలు ఎక్కువయ్యారు. చెత్త ఏరుకుని బతికే కోలా గోమెస్ రేకు డబ్బాలతో వయొలిన్లు, నూనె డ్రమ్ముతో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాయిద్యం) చేసి ఇచ్చారు. ఆ బృందం దేశదేశాలు తిరిగింది. అక్కడ పాడైతే బాగుచేసే మనిషి పక్కవీధిలోనే ఉన్నాడు, రోజూ నేర్పే మాస్టారు ఉన్నాడు. నీ వయొలిన్లకి ఆ ఇద్దరినీ ముందు వెతుకు.

నేనైతే ఇలా చేస్తాను. మీ ఊళ్ళో సంగీతం చదువుకుని పని లేక ఖాళీగా ఉన్న అమ్మాయో అబ్బాయో తప్పకుండా దొరుకుతారు. వారానికి మూడు రోజులు బడికి వెళ్ళి నేర్పేలా ఒక ఏడాది జీతం మాట్లాడుకో. ఆరు నెలలు గొంతూ తాళమూ సాగాక వయొలిన్లు పంపు. ఒక్కోదానికి రెండు సెట్ల తీగలు, కమానుకి రాసే రోజిన్ బిళ్ళ పెట్టు. ఈలోగా, పైన రాసిన లెక్కల మాస్టారికి రెండో శ్రుతిపెట్టె అవసరం పడుతుంది. ఆయన ఒప్పుకుంటే పత్రిక ద్వారా మీ ఇద్దరినీ కలుపుతాను.