కోడ్ పదేపదే వెనక్కి వస్తోంది... డెవలప్‌మెంట్ వదిలేయాలా?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. ఇంటర్న్‌షిప్‌లో నేను పంపే ప్రతి పుల్ రిక్వెస్ట్ (రాసిన కోడ్‌ని చూసి ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థన) నాలుగైదు సార్లు తిరిగొస్తోంది. ఈమధ్య వారమంతా కూర్చుని రాసినదాన్ని మొత్తం మళ్లీ రాయమన్నారు. నా వల్ల సీనియర్ల టైమ్ వృథా అవుతోందని టెన్షన్‌గా ఉంది. టెస్టింగ్‌కి మారిపోతే మంచిదా?

జవాబు: ఈ కారణంతో మాత్రం మారొద్దు. టెస్టింగ్ మంచి కెరీరే. కానీ అక్కడా ఇప్పుడు ఆటోమేషన్ స్క్రిప్టులు రాయాలి, వాటికీ రివ్యూ (రాసిన కోడ్‌ని వేరేవాళ్లు చదివి తప్పులు చెప్పడం) తప్పదు.

కోడ్ తిరిగిరావడం మీ ఒక్కరి సమస్య కాదు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల శ్రమలో సుమారు 40 నుంచి 50 శాతం, తప్పించగలిగి ఉండీ మళ్లీ చేసే పనికే పోతోందని సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ పరిశోధకులు బారీ బోహ్మ్, విక్టర్ బసిలీ 2001లో రాశారు. అనుభవజ్ఞులున్న టీముల పరిస్థితే అది. అందుకని కోడ్ ఎన్నిసార్లు తిరిగొచ్చిందన్నది కాసేపు పక్కన పెట్టి, ఎందుకు తిరిగొచ్చిందో చూడండి.

మీ పాత పుల్ రిక్వెస్ట్‌లు తెరిచి, వచ్చిన కామెంట్లన్నీ ఒకసారి వరుసగా చదవండి. పేర్లు, స్పేసులు, వాడని ఇంపోర్టుల గురించి ఉన్నవి ఫార్మాటర్, లింటర్ (కోడ్ రూపాన్ని, చిన్న పొరపాట్లను వాటంతటవే చూసే టూల్స్) చూసుకోవాల్సినవి. పంపే ముందు అవి రన్ చేస్తే ఆ కామెంట్లు అసలు రావు. వాటికోసం ఒక మనిషి టైమ్ ఖర్చవడం నిజంగానే వృథా.

లాజిక్ గురించి వచ్చేవి వేరు. ఉదాహరణకు, ఆర్డర్ సమయాన్ని ఏ టైమ్‌జోన్‌దో చెప్పకుండా డేటాబేస్‌లో దాచారనుకుందాం. రివ్యూలో దొరికితే రెండు మూడు లైన్లు మార్చి, ఒక టెస్ట్ చేరిస్తే అయిపోతుంది. రిలీజ్ అయ్యాక బయటపడినా కోడ్‌లో మార్చేది ఆ రెండు మూడు లైన్లే. కానీ అప్పటికే టేబుల్‌లో చేరిన రికార్డుల్లో ఏది ఏ టైమ్‌జోన్‌దో తేల్చాలి. సరిచేయడానికి స్క్రిప్ట్ రాయాలి, దానికి మళ్లీ రివ్యూ. ఆ డేటాతో వెళ్లిపోయిన రిపోర్టులకు ఎవరో సంజాయిషీ చెప్పుకోవాలి. ఆలస్యంగా దొరికిన తప్పు దిద్దడానికి వంద రెట్లు ఖర్చవుతుందని తరచూ వింటుంటాం. ఆ అంకెను అన్ని చోట్లా వాడేస్తారు గానీ, చిన్న సిస్టమ్‌లలో అది ఐదు రెట్ల దగ్గరే ఉంటుందని పైన చెప్పిన ఇద్దరే రాశారు. ఐదు రెట్లయినా తక్కువేం కాదు. కాబట్టి ఇలాంటి కామెంట్ వస్తే బాధపడకండి, రివ్యూ ఉన్నదే అందుకు.

ఇక అసలు ఖర్చు ఎదురుచూపులో ఉంది. కొత్తవాళ్లు దీన్ని పెద్దగా పట్టించుకోరు. దిద్దడానికి పది నిమిషాలే పట్టొచ్చు. ఈలోగా రివ్యూయర్ వేరే పనిలో పడతారు, మీరూ ఇంకోటి మొదలుపెడతారు, మెయిన్ బ్రాంచ్ (అందరి కోడ్ కలిసే చోటు) ముందుకెళ్లి మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ (మీ మార్పులకు, వేరేవాళ్ల మార్పులకు పొంతన కుదరకపోవడం) వస్తుంది. పది నిమిషాల పనికి రోజు గడిచిపోతుంది. అందుకే ఒక్కో కామెంట్‌కి ఒక్కోసారి పంపకుండా, అన్నీ సరిచేసి ఒకేసారి పంపండి. ఒకే విషయం మీద రెండుసార్లు అటూ ఇటూ జరిగిందంటే టైప్ చేయడం ఆపి, ఐదు నిమిషాలు మాట్లాడండి. ఇద్దరు రివ్యూయర్లు చెరోమాట చెబితే మాత్రం మధ్యలో నలగొద్దు, తేల్చమని టీమ్ లీడ్‌నే అడగండి.

సైజు కూడా చూసుకోండి. ఒక మార్పుకి 100 లైన్లు సాధారణంగా సబబని, 1000 లైన్లంటే మామూలుగా మరీ ఎక్కువని గూగుల్ బయటపెట్టిన రివ్యూ మార్గదర్శకాలు చెబుతాయి. వారం రోజుల కోడ్ ఒకేసారి పంపితే, చూసేవాళ్లు పైపైన చూస్తారు, లేదా మీకు జరిగినట్టు మొత్తం వెనక్కి పంపుతారు.

మొత్తం తిరగరాయాల్సి వచ్చిందంటే, తేడా బహుశా కోడింగ్‌కి ముందే వచ్చి ఉంటుంది. ఈసారి పని చేతికి రాగానే సగం పేజీ నోట్ రాయండి: ఏ ఫైళ్లు ముట్టుకుంటాను, ఈ పని చేసే ఫంక్షన్ ఇప్పటికే ఎక్కడైనా ఉందా, టేబుల్‌లో ఏం మారుతుంది. దాన్ని మీ మెంటర్‌కి చూపించండి. రెండో రోజుకల్లా, సగమే అయినా సరే, డ్రాఫ్ట్ పుల్ రిక్వెస్ట్ పెట్టండి. దారి తప్పినా పోయేది ఒక రోజు పనే. అసలు టాస్కే అరకొరగా రాసి ఇచ్చి ఉంటే ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు, ఆ మాట మర్యాదగా చెప్పొచ్చు.

ఇంటర్న్‌కి ఎన్ని కామెంట్లు వచ్చాయని మంచి సీనియర్లు లెక్కపెట్టరు. అదే కామెంట్ మూడోసారి రాయాల్సి వస్తే మాత్రం గుర్తుపెట్టుకుంటారు. వచ్చినవన్నీ ఒక ఫైల్‌లో రాసుకుని, పంపే ముందు మీ డిఫ్‌ని (మీరు మార్చిన లైన్లు) ఆ ఫైల్‌తో పోల్చుకోండి.

కామెంట్లు కోడ్ గురించి కాక మీ గురించే ఉంటున్నా, పుల్ రిక్వెస్ట్‌లు వారాల తరబడి ఎవరూ చూడకపోయినా, లోపం ఆ టీమ్‌ది. అప్పుడు మారాల్సింది టీమే. తర్వాతి ఇంటర్వ్యూలో 'ఏమైనా ప్రశ్నలున్నాయా' అన్నప్పుడు అడగండి: కొత్తవాళ్ల కోడ్ ఎవరు చూస్తారు, మొదటి స్పందన ఎంతసేపట్లో వస్తుంది? సూటిగా జవాబు రాకపోతే అక్కడ చేరే ముందు ఇంకోసారి ఆలోచించండి.