మీ ప్రశ్న, డాక్టరు జవాబు: రెండు చీటీలూ ఒకే బల్ల మీద ఉండాలి

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నా వయసు 46. బట్టలు కుట్టి బతుకుతున్నాను. 2009లో మా ఆయన పోయారు. ఆ ఏడాదే నాకూ హెచ్ఐవీ ఉన్నదని తెలిసింది. అప్పటి నుంచి ప్రభుత్వ ఏఆర్టీ (హెచ్ఐవీ మందుల) కేంద్రంలో మందులు తీసుకుంటున్నాను. మొదటి మందులు పనిచేయడం మానేస్తే 2018లో అటాజనవిర్, రిటోనవిర్ ఉన్న మందులకు మార్చారు. ఇప్పుడు పరీక్షలో వైరస్ కనబడడం లేదు. ఈమధ్య మా ఊళ్లో వైద్య శిబిరం పెడితే రక్తం ఇచ్చాను. మొత్తం కొలెస్ట్రాల్ 238, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 152, హెచ్‌డీఎల్ 34, ట్రైగ్లిజరైడ్లు 260 అని వచ్చింది. పట్నంలో ఒక డాక్టరుగారికి చూపిస్తే అటోర్వాస్టాటిన్ 40 రాశారు. నా జబ్బు సంగతి ఆయనకు చెప్పలేదు. ఆయన దగ్గర పనిచేసే అమ్మాయిది మా వీధే. మూడు వారాలకు తొడలు, పిక్కలు పట్టేసి మిషను తొక్కలేకపోయాను. మాత్ర మానేశాను. హెచ్ఐవీ మందుల వల్లే కొవ్వు పెరిగిందని ఒకరు అన్నారు. కొన్నాళ్లు ఆ మందులు ఆపి, కొవ్వు తగ్గాక మళ్లీ మొదలుపెట్టవచ్చా? మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది. అది స్థిరపడేదాకా నేను ఉండాలి.
— పేరు వద్దు, కృష్ణా జిల్లా

జవాబు: అమ్మా, ఏఆర్టీ మందులు ఒక్క రోజు కూడా ఆపవద్దు. మిగతా ఉత్తరం చదివే ముందు ఈ మాట మనసులో పెట్టుకోండి.

మీకు వచ్చిన ఆలోచన ఒకప్పుడు పెద్ద పెద్ద పరిశోధకులకూ వచ్చింది. మందులు కొన్నాళ్లు ఆపితే వాటి దుష్ఫలితాలు తగ్గుతాయేమో, గుండెకు మేలు జరుగుతుందేమో అనుకున్నారు. 'స్మార్ట్' అనే అధ్యయనంలో 5,472 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టువారికి సీడీ4 కణాలు (రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలు) బాగున్నంతకాలం మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ ఇచ్చారు. రెండో జట్టుకు విరామం లేకుండా ఇచ్చారు. ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మందులు ఆపినవారిలో మరణాలు పెరిగాయి. గుండె జబ్బులు కూడా వారిలోనే ఎక్కువ కనబడ్డాయి. దాంతో ఆ అధ్యయనాన్ని మధ్యలోనే నిలిపివేశారు. మందులు కొవ్వును కొంత పెంచే మాట నిజమే. కానీ అదుపు తప్పిన వైరస్ గుండెకు చేసే చెరుపు అంతకంటే పెద్దది. పైగా మీరు ఇప్పటికే రెండో వరుస మందుల మీద ఉన్నారు. అవీ పనిచేయకుండా పోతే మన చేతిలో మిగిలేవి కొన్నే.

ఇక మీ కాళ్ల నొప్పుల సంగతి. మీ మందుల్లో రిటోనవిర్ ఉంది కదా, దాని పని ఏమిటంటే, కాలేయంలో మందులను విరిచి బయటకు పంపే ఒక ఎంజైమును నెమ్మదింపజేయడం. అలా చేస్తేనే అటాజనవిర్ రక్తంలో తగినంతసేపు నిలుస్తుంది. చిక్కు ఎక్కడంటే, అటోర్వాస్టాటిన్‌ను విరిచేదీ అదే ఎంజైము. మీరు మింగింది నలభై మిల్లీగ్రాములే అయినా మీ రక్తంలో మందు మామూలుగా ఉండాల్సిన దానికంటే కొన్ని రెట్లు పెరిగి ఉండవచ్చు. కండరాలు పట్టేయడం అందువల్లే కావచ్చు. మూత్రం ముదురు టీ రంగులో గనుక వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. కండరాలు కరిగి మూత్రపిండాలకు అడ్డుపడుతున్నాయనడానికి అది గుర్తు. రంగు మారకపోయినా, కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే సీపీకే అనే రక్తపరీక్ష ఒకసారి చేయించుకోండి.

ఆ డాక్టరుగారు రాసింది మామూలు మనిషికి సరైన మందే. మీరు దాచింది ఎందుకో కూడా నాకు తెలుసు. ఎదుటి కుర్చీలో కూర్చుని ముప్ఫై ఏళ్లుగా ఆ భయాన్ని చూస్తున్నాను. అయితే మీ దగ్గర ఇప్పుడు రెండు చీటీలున్నాయి, ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. ఆ రెండూ ఒకే డాక్టరు బల్ల మీదికి రావాలి. అందుకు సులువైన దారి మీ ఏఆర్టీ కేంద్రమే. అక్కడ దాచాల్సింది ఏమీ లేదు. వచ్చే నెల మందులకు వెళ్లేదాకా ఆగకుండా, ఈ వారమే కొలెస్ట్రాల్ రిపోర్టు, అటోర్వాస్టాటిన్ అట్ట పట్టుకుని అక్కడి వైద్యాధికారిని కలవండి. వారు గుండె డాక్టరుకు పంపిస్తే, గదిలోకి వెళ్లి తలుపు వేయమని అడిగి, ఆ డాక్టరు ఒక్కరికే చెప్పండి. కావాలంటే మీ వీధివాళ్లు లేని ఊరికి వెళ్లండి. బస్సు ఛార్జీ పోతే పోనివ్వండి.

స్టాటిన్, అంటే అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ తగ్గించే మందు, మీకు వద్దని నేను అనడం లేదు. మీకు అది కావాలి. వయసు నలభై దాటింది, ఎల్‌డీఎల్ ఎక్కువ, గుండెకు మేలుచేసే హెచ్‌డీఎల్ తక్కువ. సరైన రకం, సరైన మోతాదు చూడాలి, అంతే. పిటావాస్టాటిన్‌కు మీ మందులతో చెప్పుకోదగిన పేచీ లేదు. రోసువాస్టాటిన్ అయితే పది మిల్లీగ్రాములు దాటకూడదు. అటోర్వాస్టాటినే ఇవ్వదలిస్తే పదితో మొదలుపెట్టి, గమనిస్తూ పెంచాలి. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ మాత్రం రిటోనవిర్‌తో కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. ఈ రెండు పేర్లూ కాగితం మీద రాసి మాత్రల డబ్బాకు అంటించుకోండి. మీ ఏఆర్టీనే డోలుటెగ్రవిర్ ఉన్న మందులకు మార్చే వీలుందేమో కూడా అడగండి. రిటోనవిర్ పోతే కొవ్వు లెక్కలు చాలామందిలో మెరుగుపడతాయి. కానీ మీ పాత మందులు ఎందుకు విఫలమయ్యాయో చూసి అక్కడివారే నిర్ణయించాలి.

తిండి గురించి మీరు అడగలేదు, నేను చెప్పకుండా ఉండలేను. 2004 ఏప్రిల్‌లో దేశంలో ఉచిత ఏఆర్టీ మొదలైంది. ఆ తొలి ఏళ్లలో మనుషులను మంచాల మీద మోసుకొచ్చేవారు. ఎముకలగూడులా ఉండేవారు. నెయ్యి వేసుకోండి, రోజూ వేరుశనగ ఉండ తినండి, బరువు పెరగాలి అని నేనే చెప్పేదాన్ని. ఆ సలహా అప్పటికి సరైనదే. కానీ ఆ రోజులు పోయినా ఆ అలవాటు మాత్రం ఇళ్లలో నిలిచిపోయింది. మీ ట్రైగ్లిజరైడ్లు 260 ఉన్నాయంటే, నూనె కంటే ముందు తెల్లన్నం ముద్దల మీద, టీలో చక్కెర మీద నాకు అనుమానం. మిషను దగ్గర కూర్చునేవారు రోజుకు ఐదారు టీలు తాగుతారు. చక్కెర మానండి, లేదా టీలు రెండుకు తగ్గించండి. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, పగలు అన్నం సగం చేసి పప్పు, ఆకుకూర రెట్టింపు. వారానికి రెండుసార్లు చేపల పులుసు, వేపుడు కాదు. నూనె మనిషికి నెలకు అర లీటరు మించకుండా చూసుకోండి. పామాయిల్ ప్యాకెట్టు చవకే, అయినా మీ ఇంటికి వద్దు. ఆవకాయ పూర్తిగా మానమని మాత్రం చెప్పను. రక్తపోటు చూపించుకుని, 140/90 దాటకపోతే నంజుకోవడానికి కొంచెం వేసుకోండి.

మూడు నెలల తర్వాత మళ్లీ కొలెస్ట్రాల్ పరీక్ష చేయించి, ఆ అంకెలు నాకు రాయండి. అమ్మాయి చదువు ఎంతవరకు వచ్చిందో కూడా రాయండి.

ప్రశ్న: నా వయసు 52. ఆరేళ్లుగా టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ కలిసిన మాత్ర రోజుకొకటి వేసుకుంటున్నాను. వైరస్ లేదని వచ్చింది. బరువు 64 నుంచి 73 కిలోలయింది. కొలెస్ట్రాల్ నార్మలే, ఎల్‌డీఎల్ 112. సిగరెట్లు రోజుకు పది దాకా. నెల రోజులుగా మేడ మెట్లెక్కితే ఛాతీ మధ్యలో గ్యాస్ పట్టేసినట్లు ఉండి, నిలబడితే తగ్గుతోంది. గ్యాస్ టానిక్ తాగుతున్నాను. నాలాంటి వారంతా కొలెస్ట్రాల్ మాత్ర వేసుకోవాలని ఒక మిత్రుడు అంటున్నాడు. నార్మల్‌గా ఉన్నా అవసరమా?
— రామచంద్రపురం పాఠకుడు

జవాబు: ఇది అచ్చయి మీ చేతికి వచ్చేలోగా మీరు ఆసుపత్రికి వెళ్లి ఉండాలని కోరుకుంటున్నాను. వెళ్లకపోతే పత్రిక పక్కన పెట్టి ఇప్పుడే బయలుదేరండి. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయేది గ్యాస్ కాదు. గుండెకు రక్తం చాలడం లేదనడానికి అది గుర్తు. ఈసీజీ, గుండె డాక్టరు పరీక్ష వెంటనే కావాలి. కూర్చుని ఉన్నప్పుడే వచ్చినా, చెమటలు పట్టినా, ఎడమ చేతికో దవడకో పాకినా 108కి ఫోన్ చేయండి. బండి మీద వెళ్లవద్దు.

గ్యాస్ టానిక్ వల్ల మీకు ఇంకో నష్టం ఉంది. అందులో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. అవి డోలుటెగ్రవిర్‌ను కడుపులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. ఎప్పుడైనా తప్పనిసరై తాగితే, దానికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో ఏఆర్టీ మాత్ర వేసుకోవాలి.

మీ మిత్రుడి మాటలో నిజముంది. 'రిప్రీవ్' అనే పరిశోధనలో 40 నుంచి 75 ఏళ్ల హెచ్ఐవీ బాధితులు 7,769 మందిని తీసుకున్నారు. పన్నెండు దేశాలవారున్నారు, మనవాళ్లూ ఉన్నారు. అందరూ ఏఆర్టీ మీద ఉన్నవారే, మామూలు లెక్కల ప్రకారం గుండె ముప్పు తక్కువో, ఒక మోస్తరో ఉన్నవారే. సగం మందికి పిటావాస్టాటిన్ 4 మిల్లీగ్రాములు, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. 2023లో వచ్చిన ఫలితం ఇది: గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద దెబ్బలు స్టాటిన్ వేసుకున్నవారిలో 35 శాతం తగ్గాయి. వెయ్యి మందిని ఏడాదిపాటు చూస్తే ఉత్తి మాత్ర జట్టులో ఏడుగురికి పైగా, స్టాటిన్ జట్టులో ఐదుగురికి లోపు. మాత్ర వేసుకున్నవారిలో కొందరికి కండరాల నొప్పులు, కొద్దిమందికి అదనంగా మధుమేహం వచ్చాయి. ఆ సంగతి కూడా తెలిసే వేసుకోవాలి. మీ విషయంలో మాత్రం ఇది ముందు జాగ్రత్త దశ దాటిపోయింది. గుండె డాక్టరు చూసి స్టాటిన్ మోతాదు ఎంతో చెబుతారు.

వైరస్ కనబడకపోయినా ముప్పు ఎందుకు ఉంటుందని అడుగుతారేమో. రక్తంలో లెక్కకు అందనంత తగ్గినా అది శరీరంలో దాక్కునే ఉంటుంది, రోగనిరోధక వ్యవస్థ దానితో పోరు మానదు. నివురుగప్పిన నిప్పులాంటి ఆ వాపు రక్తనాళాల లోపలి పొరను ఏళ్ల తరబడి కాలుస్తుంది. అందుకే హెచ్ఐవీ ఉన్నవారికి గుండెపోటు ముప్పు లేనివారికంటే సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఉంటుంది. దానికి మీ పది సిగరెట్లు తోడయ్యాయి. మీ ఎల్‌డీఎల్ కంటే, బరువు కంటే నాకు ఎక్కువ భయం వాటి గురించే. తగ్గించడం కాదు, మానేయాలి.

కోస్తాలోని ఒక ఏఆర్టీ కేంద్రంలో నేను పనిచేస్తున్న రోజుల్లో మీ వయసు రైతు ఒకాయన వచ్చేవారు. ఒక్క నెల కూడా తప్పేవారు కారు. వైరస్ కనబడలేదన్న కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని అందరికీ చూపించేవారు. ఒకసారి ఆయన బదులు ఆయన భార్య వచ్చింది. పొలంలో నాగలి పక్కనే కూలిపోయారట, గుండెపోటు. సగం వాడిన మాత్రల డబ్బా బల్ల మీద పెట్టి, "ఇంకెవరికైనా పనికొస్తాయేమో చూడండి అమ్మా" అన్నది. ఆమె వెళ్లాక ఆయన కార్డు తీశాను. ఎనిమిదేళ్ల బరువులు, సీడీ4 అంకెలు వరుసగా ఉన్నాయి. రక్తపోటు ఒక్కసారి కూడా రాసి లేదు. సిగరెట్ తాగుతారా అని అడిగిన గుర్తు నాకు లేదు. అప్పటి నుంచి ప్రతి కార్డు మీదా బీపీ, షుగర్, పొగ అని మూడు మాటలు ఎర్ర సిరాతో రాసుకోవడం మొదలుపెట్టాను.

మీరు రాయని మాట ఒకటి ఊహిస్తున్నాను. సన్నబడితే ఊళ్లోవాళ్లు అనుమానపడతారని చాలామంది బరువు తగ్గడానికి భయపడతారు. బరువు మెల్లగా, నెలకు కిలో చొప్పున తగ్గితే ఎవరికీ అనుమానం రాదు. ముందు గుండె పరీక్ష కానివ్వండి. నడక ఎంత, ఎప్పుడు అన్నది ఆ తర్వాత.

ప్రశ్న: మా నాన్నగారికి హెచ్ఐవీ ఉంది, రిటోనవిర్ ఉన్న మందులు వాడుతున్నారు. గుండె రక్తనాళం మూసుకుపోయిందని స్టెంట్ వేయాలన్నారు. హెచ్ఐవీ సంగతి చెప్పగానే ఒక ప్రైవేటు ఆసుపత్రివారు వేరేచోటికి వెళ్లమన్నారు. ఇంకోచోట చెప్పకుండా చేయించవచ్చా?
— ఒక కొడుకు, నల్లగొండ జిల్లా

జవాబు: బాబూ, చెప్పకుండా చేయించవద్దు. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ రిటోనవిర్ ఉన్నచోట సరిగా పనిచేయదు. కొత్త స్టెంట్ మూసుకుపోవచ్చు. టికాగ్రెలార్ అయితే అతిగా పనిచేసి రక్తస్రావం కావచ్చు. మీ నాన్నగారికి సరిపడితే ప్రాసుగ్రెల్ ఇస్తారు, లేదా ఏఆర్టీ మారుస్తారు. డాక్టరుకు తెలియకపోతే ఇవేవీ ఆలోచించరు.

వెళ్లిపొమ్మనడం చట్టవిరుద్ధం. 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం హెచ్ఐవీ కారణంగా వైద్యం నిరాకరించకూడదు. అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదు. రాష్ట్రంలో ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అత్యవసరమైతే వీలైనంతవరకు 24 గంటల్లోపు ఉత్తర్వు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. కానీ ఫిర్యాదు కోసం చికిత్స ఆపవద్దు. ఈ రోజే ఏఆర్టీ కేంద్రానికి వెళ్లి, నాన్నగారు వాడుతున్న మందుల పేర్లన్నీ రాయించుకుని, గుండె విభాగం ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి ఉత్తరం అడగండి. ఆ కేంద్రం కౌన్సెలర్ ఫోన్ నంబరు దగ్గర పెట్టుకోండి. నాన్నగారి మాత్రలన్నీ, ఏఆర్టీవి సహా, ఒకే సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో కూడా ఏఆర్టీ మాత్ర తప్పకుండా మీరే గుర్తుచేయండి.