మండువాలో ఎండ, కైనెక్ట్‌కు గంతలు

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పాత మండువా ఇల్లు. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్స్‌బాక్స్ 360 (టీవీకి తగిలించే వీడియో గేమ్ పెట్టె), కైనెక్ట్ (ఒంటి కదలికలు చూసి ఆట ఆడించే దాని కెమెరా) కొన్నాం. టీవీ వసారాలో ఉంటుంది. రాత్రి బాగా ఆడుతోంది, పగలు మాత్రం మనిషిని గుర్తించదు. మా నాన్నగారు నిలబడితే రాత్రి కూడా బొమ్మ కాళ్లు వంకర్లు పోతున్నాయి. కెమెరా పాడైందంటారా? (ఒక పాఠకుడు)

జవాబు: పాడైతే రాత్రి కూడా ఆడదండీ. కైనెక్ట్‌కున్న మూడు కళ్లలో మధ్యది రంగుల బొమ్మ కోసం. దూరం కొలిచే పని మిగతా రెండింటిది. ఒకటి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ చుక్కల్ని గదంతా చల్లుతుంది, రెండోది ఆ చుక్కలు ఎక్కడ ఎంత జరిగాయో చూసి లెక్క కడుతుంది. మండువాలోంచి దిగే ఎండలోనూ అదే ఇన్‌ఫ్రారెడ్, అదీ బోలెడంత. చుక్కలు అందులో కలిసిపోతాయి. ఆడేవాళ్లు నీడలో ఉంటే చాలదు, వాళ్ల వెనక ఎండపడ్డ గచ్చు కూడా కెమెరా చూపులో ఉండకూడదు. టీవీని లోపలి గదిలోకి మార్చడమే మేలు. కుదరకపోతే మండువా వైపు దళసరి దుప్పటి కట్టండి. పాత చీర కడితే వెలుతురు తగ్గినట్టుంటుంది గానీ ఎండ ఆగదు.

కెమెరా నేలనుంచి 2 నుంచి 6 అడుగుల ఎత్తులో, టీవీకి మధ్యలో ఉండాలి. ఒక్కరు ఆడితే 6 అడుగులు, ఇద్దరైతే 8 అడుగులు వెనక్కి నిలబడాలి. మధ్యలో స్తంభం, పడక్కుర్చీ ఉండకూడదు. కెమెరా తల పైకీ కిందికీ చేత్తో వంచకండి, లోపల మోటారు ఉంది, దాని చక్రాల పళ్లు విరుగుతాయి. ఆ పని సెట్టింగ్స్‌లోంచే చెయ్యాలి.

ఇక నాన్నగారి సంగతి. ఆయన పంచె కట్టుకుని ఉంటారు, అవునా? మోకాళ్లు విడివిడిగా కనబడక కైనెక్ట్ కాళ్లను ఊహించి గీస్తుంది. పంచె ఎగ్గట్టమనండి, లేదా ప్యాంటు వేసుకోమనండి. పండక్కి లంగా ఓణీల్లో ఆడాలనుకునే ఆడపిల్లలకూ ఇదే ఇబ్బంది.

ప్రశ్న: అమెరికా నుంచి మా అన్నయ్య నింటెండో వీ అనే వీడియో గేమ్ తెచ్చాడు. టీవీ ముందు పెట్టే సెన్సర్ బార్ వైరు ఎలుక కొరికేసింది. రిమోట్ బాణం కదలట్లేదు. (ఒక పాఠకురాలు, భీమవరం)

జవాబు: పేరు సెన్సర్ బార్ గానీ అది దేన్నీ పసిగట్టదు. రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ బల్బులు వెలుగుతాయి, అంతే. వాటిని చూసే కెమెరా రిమోట్ మూతిలో ఉంది. రిమోట్ బాగుందో లేదో తేల్చుకోవాలంటే ఫ్యాను ఆపి, టీవీ ముందు జానెడు ఎడంగా రెండు కొవ్వొత్తులు వెలిగించి చూడండి. బాణం కదిలితే బార్ ఒక్కటి కొనుక్కుంటే సరి. బ్యాటరీతో నడిచే రకమైతే ఎలుకకు వైరు దొరకదు. కొత్తది పెట్టాక బాణం అటూ ఇటూ గెంతుతుంటే టీవీ పక్కన దేవుడి గూడుందేమో చూడండి. దీపం కూడా రిమోట్‌కు ఇంకో బల్బులాగే కనబడుతుంది. అద్దాల బీరువా, ఎదురుగా ఎండ కిటికీ ఉన్నా అంతే.

అడగలేదు గానీ చెప్పాలి. అక్కడి అడాప్టర్ 120 వోల్టులది. మన 230లో నేరుగా గుచ్చితే కాలిపోతుంది. వోల్టులు తగ్గించే 100 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి, లేదా ఇక్కడి కరెంటుకు సరిపోయే వీ అడాప్టర్ కొనండి.

ప్రశ్న: కైనెక్ట్ ఒక్కటే చవగ్గా దొరుకుతోంది. ఏ ఎక్స్‌బాక్స్‌కైనా పనిచేస్తుందా? (ఒక పాఠకుడు, పాలకొల్లు)

జవాబు: చెయ్యదు. 2010లో వచ్చింది 360కే. 360 పాత లావు మోడల్ అయితే విడిగా పవర్ వైరు కావాలి, అది లేకుండా అమ్మితే కొనకండి. 2013లో వచ్చింది ఎక్స్‌బాక్స్ వన్‌కు. వన్‌లోనే తర్వాతి మోడళ్లయిన వన్ ఎస్, వన్ ఎక్స్‌లకు కైనెక్ట్‌ను తగిలించే అడాప్టర్ తప్పనిసరి. దాని తయారీ ఆగిపోయింది కాబట్టి కైనెక్ట్‌కంటే ముందు అడాప్టర్ దొరుకుతుందో లేదో వాకబు చెయ్యండి. సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్‌లలో ఏ కైనెక్టూ పనిచెయ్యదు.