ఉగాదికి తలకోన వెళ్తున్న అమ్మలూకి

అమ్మలూ, ఆశీస్సులు.

ఉగాది సెలవులకు స్నేహితులతో తలకోన వెళ్తున్నావని, పిట్టల్నీ పూలనీ చూడాలని ఉందన్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. ఎండాకాలంలో అడవిలో ఏముంటుందని అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ మాట పట్టించుకోకు. శేషాచలం కొండల్లో చాలా చెట్లు ఆకు రాల్చాకే పూస్తాయి. ఆకు అడ్డం ఉండదు కాబట్టి కొమ్మ మీది పిట్ట కంటికి ఆనుతుంది. వానలు పడి అడవి పచ్చబడ్డాక అరుపు వినిపిస్తుందే గానీ పిట్ట కనిపించదు.

నేను ముఖ్యంగా చెప్పేది ఒక్కటే, ఎక్కువ నడవొద్దు. పూసిన చెట్టొకటి చూసుకుని, కాస్త ఎడంగా నీడలో కూర్చో. ఇంకా పూలు మిగిలిన మోదుగ దొరికితే అదృష్టమే. దాని తేనె కోసం తేనెపిట్టలు, పిగిలిపిట్టలు, గోరువంకలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మొదట కాసేపు ఏదీ రాదు, నిన్ను చూసి జంకుతాయి. చాలామంది సరిగ్గా అప్పుడే విసుగొచ్చి లేచిపోతారు. నువ్వు లేవకు. వాగు పక్కన మేడిచెట్టు పండి ఉంటే అక్కడా కూర్చో. పచ్చపావురాలు, కంసాలి పిట్టలు వచ్చే చోటది. తోక రెండు తెల్ల రిబ్బన్లలా వేలాడే పిట్ట వాగు నీడలో కనిపిస్తే, అది తోకపిగిలి మగది. ఆడదానికి ఆ తోక ఉండదు.

బండల వైపు చూడటం మరిచిపోకు. ఒక్క ఆకూ లేని కొమ్మల చివర పెద్ద పెద్ద పసుపు పూలుంటే కొండగోగు. ఆ రాళ్ళ పొదల్లోనే గొంతు పసుపుగా ఉండే పిగిలిపిట్ట తిరుగుతుంది. దక్షిణ భారతంలోని ఇలాంటి రాతికొండల్లో తప్ప ఎక్కడా లేని పిట్ట అది. ఎర్రచందనానికి కూడా ఇదే పూత కాలం. ఆ చెట్టు పేరు దొంగ దుంగల వార్తల్లో తప్ప మనకు వినబడదు. గుత్తులుగా పూసే దాని చిన్న పసుపు పూలను దగ్గరగా చూసి రా. నేల మీద ఆకే లేకుండా సన్నటి కాడ ఒక్కటే పైకి లేచి పూసి ఉంటే అది నక్కవుల్లి. దాని ఆకులు వానలకు గానీ రావు.

సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గరికి తెల్లవారగానే చేరుకోండి, కానీ చీకట్లో కాలిబాట ఎక్కొద్దు. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న అడవి. తొమ్మిదిన్నర దాటితే ఎండకు పిట్టలూ సద్దుమణుగుతాయి, మీరూ దిగొచ్చేయండి. తలా రెండు లీటర్ల నీళ్ళు ఉండాలి. సెంటు పూసుకోవద్దు, కొండచరియలకు పెద్ద తేనెపట్లుంటాయి. తినేవి సంచిలోంచి బయటికి తీస్తే కోతులు వదలవు. అగ్గిపెట్టె ఎవరి జేబులోనూ ఉండకూడదు, ఈ నెలల్లో ఎండుటాకుకు నిప్పంటితే కొండ మొత్తం కాలుతుంది.

ఫోన్‌లో యాప్ పెట్టుకుని ఏ పిట్ట కూస్తోందో తెలుసుకో, తప్పులేదు. కానీ ఆ కూతను స్పీకర్లో వినిపించి పిట్టను రప్పించే పని మాత్రం చెయ్యొద్దు, నీ స్నేహితుల్నీ చెయ్యనివ్వకు. చాలా పిట్టలు గూళ్ళు కట్టే రోజులివి. తన చోటులోకి ఇంకొకటి వచ్చిందనుకుని గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. ఆ కాసేపట్లోనే గుడ్లను కాకి ఎత్తుకుపోవచ్చు. ఫోటో కోసం అంత పని చేయడం నాకు అసలు నచ్చదు.

ఎండుటాకుల మీద చిన్నగా గెంతుతూ, పొట్ట కింద ఎర్రగా, వీపు పచ్చగా, కంటి మీదుగా నల్లపట్టీతో ఏదైనా కనిపిస్తే అది పొన్నంగి పిట్ట. చలికాలమంతా మన వైపు ఉండి, ఎండలు ముదిరేసరికి గుడ్లు పెట్టడానికి ఉత్తరాదికి వెళ్ళిపోతుంది. కనబడితే తేదీ, చోటు రాసుకుని ఆ సాయంత్రమే నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న