విశాఖ ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో తొలి పియానో గురించి

తొమ్మిదేళ్ల పాపకి ఇంట్లో ఉన్న 61 కీల కీబోర్డు చాలా, లేక చెక్క, తీగలతో చేసిన అసలు పియానోనే కొనాలా అని అడిగారు కదండీ. అసలు పియానో ఇప్పుడే వద్దు. మన సముద్రపు తేమకి చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి, శ్రుతి తప్పుతుంది.

ముందు ఒకే కీని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడండి. శబ్దంలో తేడా వస్తే మొదటి కొన్ని నెలలకి అదే చాలు. రాకపోతే మాత్రం 88 కీలు, హామర్ యాక్షన్ (అంటే కీలు అసలు పియానోలా బరువుగా కదలడం) ఉన్న డిజిటల్ పియానో తీసుకోండి. దానికి శ్రుతి చేయించే పని ఉండదు, హెడ్‌ఫోన్స్ పెడితే పక్క ఫ్లాట్ వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

అన్నిటికంటే కుర్చీ ఎత్తు ముఖ్యం. మోచేయి కీల మట్టానికి రావాలి. మా అబ్బాయి డైనింగ్ కుర్చీలో కూర్చుని వాయించినన్నాళ్లూ మణికట్టు నొప్పి అనేవాడు. కింద దుప్పటి మడతపెట్టి వేసి, కాళ్లు వేలాడకుండా పీట పెట్టాక తగ్గింది.

ఫోన్‌లో మెట్రోనోమ్ (లయ కోసం టిక్ టిక్ కొట్టే యాప్) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి రోజూ 20 నిమిషాలు చాలు. పాత పాశ్చాత్య సంగీతం నోట్స్ (చూసి వాయించే స్వరలిపి) ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మ్యూజ్‌స్కోర్ స్టూడియో అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, అందులో మనం రాసుకున్న నోట్స్‌ని వాయించి వినిపిస్తుంది. పైనుంచి రంగు గీతలు జారే వీడియోలు మాత్రం అలవాటు చెయ్యకండి, వాటితో నోట్స్ చదవడం రాదు.