వచ్చేశాను సరే, పుస్తకాలెప్పుడు?

అమెరికా నుంచి తిరిగొచ్చేశానని పోయిన నెల ఈ పేజీలో రెండు ముక్కలు రాసినందుకు ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ బాగానే వచ్చాయి. నా పుస్తకాల గురించి ఎక్కువమంది అడిగినవాటికి జవాబు చెప్తున్నాను. జీతమెంత వచ్చేది, గ్రీన్ కార్డు ఎందుకు వదులుకున్నారు లాంటివి పక్కన పెట్టేశాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, ముందు ఏది వస్తుంది? కథలా, నవలా?

జవాబు: కథలే. అక్కడున్నప్పుడు పత్రికల్లో వచ్చినవి కొన్ని, ఎవరికీ పంపకుండా దాచుకున్నవి కొన్ని కలిపి ఒక సంపుటి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కి తెచ్చేయాలని పబ్లిషర్ తొందర. అప్పటికి ప్రూఫులు తెమలకపోతే కొత్త సంవత్సరం మొదట్లో విజయవాడ పుస్తక ప్రదర్శన ఉంది కదా, దానికి తెద్దాం అని నేను. బుక్ ఫెయిర్ ముందు ప్రెస్సులు ఊపిరి సలపకుండా ఉంటాయి, ఆ హడావుడిలో పదహారు పేజీల ఫారం ఒకటి తలకిందులుగా కుట్టేసిన పుస్తకం మీ ఇంట్లోనూ ఒకటి ఉండే ఉంటుంది! నవల మాత్రం ముందు సీరియల్‌గానే. నెలకో నవల మొత్తం వేసిన చతుర లాంటి పత్రికలు ఆగిపోయాక మాకు మిగిలిన దారులు రెండే, సీరియల్, లేదంటే నేరుగా పుస్తకం. నాకైతే వాయిదాల మధ్య మీరు తిట్టే తిట్లు కావాలి.

ప్రశ్న: అక్కా, అమెరికా అనుభవాలు పుస్తకంగా రాయరా?

జవాబు: ఇప్పుడప్పుడే రాయను. మంచు, ఒంటరితనం, వీసా టెన్షన్, ఇక్కడ అమ్మానాన్నల బెంగ, ఇవన్నీ మనవాళ్లు చాలా బాగా రాసేశారు, నేను కొత్తగా కలిపేదేమీ కనబడటం లేదు. నాకు ఆసక్తి తిరిగొచ్చినవాళ్ల మీద, ఎందుకంటే వాళ్ల గురించి రాసింది తక్కువ. సంపుటిలో ఒక కథ ఉంది. ఒకావిడ తన ఎన్‌ఆర్‌ఈ ఖాతాని, అంటే విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాని, మామూలు ఖాతాగా మార్పించుకోవడానికి బ్యాంకుకి వెళ్తుంది, వచ్చేశాక మార్పించుకోవాల్సిందే, అది రూలు. కౌంటర్లో కుర్రాడు ఫారం తిప్పి చూసి, ‘మళ్లీ వెళ్లరా మేడమ్?’ అంటాడు. ఫారంలో ఆ ప్రశ్న లేదు. సంతకం చేయబోతున్న ఆవిడ పెన్ను మూత పెట్టేస్తుంది. కొడుకుదేమో అమెరికా పాస్‌పోర్టు, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు మీద ఇక్కడుంటాడు, తాత పొలం వారసత్వంగా రావచ్చు గానీ పక్కనున్న ఎకరం అమ్మకానికొస్తే మాత్రం కొనలేడు, ఓటూ లేదు. ఈ చట్టాల గొడవ కథలో ఎందుకని ఒక మిత్రురాలు విసుక్కుంది. అసలు కథంతా అక్కడే ఉందని నేనంటాను.

ప్రశ్న: మీ మొదటి నవల ఎక్కడా దొరకడం లేదు. పాత పబ్లిషర్ ఒప్పుకోకపోతే రీప్రింట్ ఎలా వేస్తారు?

జవాబు: ఒప్పుకోవాల్సిన అవసరమే లేదని తేలింది. ఆ రోజుల్లో ఆయనిచ్చిన కాగితం మీద ‘ప్రచురణ హక్కులు ఇస్తున్నాను’ అని ఒక వాక్యం, కింద నా సంతకం, అంతే. ఎన్నేళ్లకో లేదు. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం ఒప్పందంలో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అని లెక్క, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. ఆ ఐదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. అయినా ‘హక్కులు మావే’ అని ఫోన్లో గట్టిగా అన్నారు, లాయరు చేత ఉత్తరం రాయించాక మెత్తబడ్డారు. కొత్తగా రాస్తున్న పిల్లలకి నా మాట: సంతకం పెట్టేముందు ఎన్నేళ్లకి, ఎన్ని కాపీలకి, ఈ-బుక్కూ ఆడియో కూడా అందులో ఉన్నాయా అని చూసుకోండి. ‘మనం మనం ఒకటి కదమ్మా’ అనే పబ్లిషర్ దగ్గర మరీ జాగ్రత్తగా చూసుకోండి.

ప్రశ్న: పాత నవలే కదా, టైపు చేసే పని కూడా ఉండదు. ఇంత ఆలస్యమెందుకు?

జవాబు: అలాగే అనుకున్నాం అందరం. పాత డీటీపీ ఫైలు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంది, దాన్ని ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో అంతటా నడిచే యూనికోడ్‌లోకి మార్చితే ఒత్తులు చాలాచోట్ల ఎగిరిపోయాయి. మామయ్య ‘మామయ’ అయ్యాడు, అక్క ‘అక’ అయింది, ఒక ప్రేమలేఖలో పొల్లులన్నీ పక్క అక్షరం మీదికెక్కి కూర్చున్నాయి. తెలుగుకి నమ్మదగ్గ స్పెల్‌చెక్ ఇంకా చేతికి రాలేదు కాబట్టి వరస వరసా కళ్లతో చూడాల్సిందే, పాత పుస్తకం ఒక చేత్తో, ప్రింటవుట్ ఇంకో చేత్తో పట్టుకుని. ఇంకా సగం కూడా కాలేదు.

ప్రశ్న: ఈ-బుక్, ఆడియో ఉంటాయా?

జవాబు: ఈ-బుక్ ఉంటుంది, అచ్చు పుస్తకంతోపాటే. ఆడియో తర్వాత చూద్దాం, నా గొంతుతో మాత్రం కాదు.

ప్రశ్న: పుస్తకాల రేట్లు చూస్తే భయమేస్తోందమ్మా. మీదైనా కాస్త తక్కువ పెట్టించండి. మా ఊళ్లో షాపు లేదు, పోస్టులో పంపుతారా?

జవాబు: పుస్తకానికి వేసే గుర్తింపు నంబరు ఐఎస్‌బీఎన్ ఉచితమే, అచ్చు పుస్తకం మీద జీఎస్టీ కూడా లేదు, అయినా ధర దిగదు. వెయ్యి కాపీలు వేస్తే ఒక్కో కాపీకి ఖర్చు తగ్గుతుంది గానీ అమ్ముడుపోనివి గోడౌన్లో పడుంటాయి, అందుకే ఇప్పుడు ఐదొందల కాపీలతో మొదలు. డిస్ట్రిబ్యూటర్ కమీషనూ ఆ ధరలోంచే పోవాలి. దానికితోడు 2024 చివర్లో పోస్టువాళ్లు రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఎత్తేశారు, పుస్తకాన్ని చవగ్గా, భద్రంగా పంపే దారి అదొక్కటే ఉండేది. ముందుగా డబ్బు కట్టినవాళ్లకి పోస్టు ఖర్చు మేమే పెట్టుకుందామని పబ్లిషర్‌ని అడిగాను, సగం ఒప్పుకున్నారు. మిగతా సగం సంగతి వచ్చే నెల ఈ పేజీలోనే చెప్తాను.